నీళ్ల కరపత్రాలు ఎక్కడికి పోయాయి

మా చిన్నప్పుడు... మిరుగంలో, అంటే మృగశిర కార్తెలో, ఒక పెద్ద వాన పడి తెరిపిచ్చింది. మర్రిగూడ దిక్కు మా మెట్ట చెలకల్లో అలాంటి అదను దొరకడమే కష్టం. పొద్దు పొడవకముందే ఊరంతా పత్తి గింజలు పెట్టడానికి పోయింది... మా బాపు మాత్రం గింజల సంచి ఇంట్లోనే వదిలేసి, నన్ను వెంటబెట్టుకుని చెలక చెలకకూ కాగితాలు అడుక్కుంటూ తిరిగాడు.

తెలంగాణ వచ్చిన కొత్త అది. బాపు వ్యవసాయం చేసుకుంటూనే పంచాయతీ పక్క గదిలో చిన్న గ్రంథాలయం నడిపేవాడు. కథల పుస్తకాలు తక్కువే. ఒక అల్మారాలో కరపత్రాలు... ఫ్లోరైడ్ నీళ్ల మీద మా ఊరు చేసిన ధర్నాలవి, రాష్ట్రం కోసం పెట్టిన సభలవి. ఇంకో అల్మారాలో సర్కారు ఇచ్చిన జవాబులు... జీవోలు, కమిటీల నివేదికలు.

ఆ గదిలో నీళ్ల ఫిల్టరు మిషన్ పెడతామని సర్పంచ్ అన్నాడు. బాపు కాదని ఎట్లా అంటాడు? ఇన్నేళ్లూ అడిగింది మంచినీళ్లే కదా... పట్నంలో ఇలాంటి కాగితాలు దాచే పెద్ద లైబ్రరీ ఉందని తెలిసి ఫోన్ చేశాడు. అక్కడ పనిచేసే మేడం వచ్చి చూస్తానంది. ఆమె తీసుకుపోతే కాగితాలు బతుకుతాయి. లేకుంటే తూకానికి పోతాయి.

ఆమె వచ్చే ముందురోజు సాయంత్రం, కట్టలు కడదామని బాపు కరపత్రాల అల్మారా తెరిచాడు. అరలన్నీ ఖాళీ... చదువుతామని తీసుకుపోయినవాళ్లు తెచ్చి పెడుతున్నారనే ఆయన అనుకున్నాడు. అందుకే తెల్లారి ఆ తిరుగుడు.

మొదట గొర్లు కాసే మల్లయ్య కాక దొరికాడు.

"నా తాన యాడిదన్నా? గొర్లను కేతేపల్లి దిక్కు కొట్టుకపోయినప్పుడు మా బామ్మర్దికిచ్చిన. సదివి పక్కోల్లకియ్యుమని కాయితం కిందనే ఉండె గదా?"

"పైదంత ఇడిసిపెట్టి గా ఒక్క ముక్కనే సదివినవా మల్లన్నా?"

"పైది మనకు తెల్సిందేనాయె! రోజు తాగే నీళ్లే గదా."

యాదమ్మ చిన్నమ్మ గింజలు పెట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. "నా బిడ్డకిచ్చిన బావా. హుజూర్‌నగర్‌ల ఉంటది. ఆళ్లకు కృష్ణ నీళ్లాయె, మన తిప్పలు ఎట్ల తెలుస్తయి?"

"మరి ఆమె తాననన్న ఉన్నదా?"

"ఎందుకుంటది? నా బిడ్డ గంత బుద్ధి లేనిదా? ఎవలకో ఇచ్చే ఉంటది."

చెలక చెలకకూ ఇదే మాట. ఒక్కరూ పారేయలేదు. ఒక్కరూ చింపలేదు. అందరూ ఎవరికో ఒకరికి ఇచ్చేశారు... పైగా మంచి పని చేశామన్న ధీమా!

నీళ్లు తాగడానికి ఇంటికి వస్తే, బాపు తల్లి, మా అవ్వ, అరుగు మీద కందులు ఏరుతోంది. ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన మనిషి, మాట మాత్రం వంగేది కాదు. బాపు ఊరినంతా తిడుతుంటే విని విని అంది:

"ఎవల మీద లేస్తున్నవ్‌రా? గా ముక్క అచ్చేయించింది నువ్వే గాదు? చెప్పినట్టు ఇన్నరు. ఇంకేం గావాలె నీకు?"

బాపు చెంబు కింద పెట్టి బయటికి నడిచాడు.

మేడం వచ్చింది. మంచి మనిషి. బాపు ముందు జీవోల అల్మారా తెరిచాడు. నంబర్ల వరసన అన్నీ ఉన్నాయి. ఒక్క కాగితం పోలేదు, ఒక్క మూల మడతపడలేదు.

"ఇవన్నీ మా దగ్గర ఉన్నాయండీ," అందామె. "కరపత్రాలేవీ? వాటి కోసమే వచ్చాను."

"జనం తాన ఉన్నయి మేడం."

"ఎవరి దగ్గర?"

"గదే తెలుస్తలేదు!" అని బాపు జీవోల కట్ట మీద అరచేత్తో కొట్టాడు. "ఇన్నేండ్లల్ల గివిట్ల ఒక్కటన్న ఎవడన్న ఎత్తుకపోతే ఏం బోయింది?"

ఆమె తెచ్చిన అట్టపెట్టెను ఉత్తగా తిరిగి తీసుకుపోవడం బాగుండదనుకుందేమో, ఆ జీవోలనే సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ లైబ్రరీలో మా ఊరి పేరుతో వెతికితే సర్కారు చెప్పింది దొరుకుతుంది. మేం అడిగింది దొరకదు. తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే... కానీ ఇవాళ ఫోన్లలో వచ్చినదాన్ని తెరవకుండానే పదిమందికి తోసేస్తున్నాం. మావాళ్లు చదివి మరీ చేతికిచ్చారు. అందుకే వాళ్లను పూర్తిగా తిట్టలేను.

మీ ఊరు అప్పట్లో ఏం అడిగిందో తెలిపే కాగితం మీ ఇంట్లో ఏమైనా మిగిలిందా? ఉంటే ఒక ఫొటో తీసి కింద పెట్టండి... చూడాలని ఉంది.

ఆ రోజు మేడం కారు మధ్యాహ్నం కదిలింది. బాపు అంతకుముందే గింజల సంచి తీసుకుని చెలకకు వెళ్లిపోయాడు.