మంచినీళ్ళు కూడా ముట్టలేదు

మా మనవరాలికి అప్పుడు మూడేళ్ళు. పెద్దముడియంలో మిద్దె మెట్ల మీంచి జారి పడింది. నెత్తురు రాలేదు గానీ తల వెనక బొప్పి కట్టింది. కాసేపటికి రెండుసార్లు కక్కుకుంది. కళ్ళు మూతలు పడసాగాయి. జమ్మలమడుగులో డాక్టరు చూసి, తలకు స్కానింగ్ తీయించాలి, వెంటనే ప్రొద్దుటూరు పొమ్మన్నాడు. దారిలో నిద్రపోనీయొద్దని కూడా చెప్పాడు.

ఆటోలో నా కూతురు, ఆమె అత్త, నేను. పిల్ల తల వాల్చినప్పుడల్లా నేను చెంపలు తడుతున్నాను. మా వియ్యపురాలు బస్టాండు దగ్గర ఆటో ఆపించి, పాలు, ఒక బన్ను కొనుక్కొచ్చింది.

"కడుపులో ఏమీ లేకనే వాలిపోతాంది వదినా" అంటూ బన్ను పాలలో ముంచి తినిపించింది. పిల్ల కళ్ళు తెరిచింది. ఆ నిమిషానికి నాకూ ప్రాణం లేచొచ్చింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో స్కానింగ్ బల్ల మీద పడుకోబెడితే పిల్ల ఒకటే పెనుగులాట. కదిలితే బొమ్మ సరిగా రాదు, మత్తు ఇచ్చి తీస్తామన్నారు. దారి పొడుగునా నిద్ర రాకుండా కాచుకొచ్చిన బిడ్డను ఇప్పుడు వీళ్ళే నిద్రపుచ్చుతారట.

మత్తు డాక్టరమ్మ వచ్చి, "పాప ఏమన్నా తినిందా, తాగిందా?" అని అడిగింది.

"యాడ తినింది మేడం, పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలే" అంది మా వియ్యపురాలు.

ఆమె దాన్ని అబద్ధమనుకోలేదు. పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళితే మా వైపు మొదటి మాట అదే. తిన్నదంటే జబ్బు చిన్నదనుకుని వెనక కూర్చోబెడతారని భయం. నా కూతురు ఏడుస్తూ తల వంచుకుంది. అత్త మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు.

నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది. ఆమె వెనక గోడ మీద ఒక బోర్డు ఉంది. నాకు చదువు వచ్చింది యాభై దాటాక. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. ‘మత్తు ఇచ్చే ముందు ఆహారం, పాలు ఇవ్వరాదు.’ చివరి మాట దగ్గర నమ్మకం చాలక మళ్ళీ మొదటి నుంచి చదివాను.

"పాలు తాగింది మేడం. బన్ను కూడా తినింది, ఇప్పుడే, జమ్మలమడుగులో" అన్నాను.

"ఏంది వదినా నువ్వు" అంది వియ్యపురాలు. అందరిలో ఆమె పరువు తీశానన్నట్టు చూసింది.

డాక్టరమ్మ నర్సును ఆపింది. "మత్తులో కక్కుకుంటే ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయవ్వా. కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగడానికీ లేదు. మత్తు లేకుండానే ప్రయత్నం చేద్దాం. కొంచెంసేపు కదలకుంటే చాలు."

పిల్లను దుప్పటిలో మూటలా చుట్టారు. తోడు ఒకరు రావచ్చన్నారు. పిల్ల "జేజీ" అని నాయనమ్మ కోసం ఏడ్చింది. వియ్యపురాలికి మిషను కిరణాలు తగలకుండా బరువైన కోటు తొడిగి లోపలికి పంపారు. తలుపు మూసేముందు ఆమె గొంతు వినిపించింది. "నువ్వు కదిల్తే ఈ మిషను మీ జేజిని మింగుతాది బంగారూ. కదలగాకు."

తలుపు మూసుకున్నాక ఏమీ వినిపించలేదు. నా కూతురి గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి.

బొమ్మ సరిగానే వచ్చింది. తలలో నెత్తురు గడ్డకట్టలేదన్నారు. ఒక రోజు ఉంచుకుని చూస్తామన్నారు. వియ్యపురాలు కోటు విప్పి నా పక్కన కూలబడింది. "శానా బరువుండాది వదినా" అంది.

కొన్నాళ్ళకు పులివెందులలో పిల్లకు జ్వరమొస్తే వియ్యపురాలూ నేనూ డాక్టరుకు చూపించాం. ఆయన అడగకముందే ఆమె మొదలుపెట్టింది.

"ఒక ఇడ్లీ తినింది సార్. చట్నీ కూడా నాకింది. కావాలంటే మా వదిన్ను అడుగు."