నుదురుకి నుదురు

చలి మొదలవగానే గుంటూరులో మా ఫోన్ బూత్ పక్కన స్వెట్టర్లు అమ్మడానికి ఏటా ఒక టిబెట్ ఆవిడ వచ్చేది. టిబెట్‌లోనే ఉండిపోయిన తన అక్కకి ఫోను చేసినప్పుడల్లా, పెట్టేసే ముందు రిసీవరుని నుదుటికి ఆనించుకునేది.

"అయినవాళ్లు కలిస్తే మాకు ఇంతే అన్నా, నుదురుకి నుదురు," అంది ఓసారి, బేరాల్లో నేర్చిన తెలుగులో.

ఒక ఏడాది మాత్రం కాసేపు మాట్లాడి, చాలాసేపు ఊరికే వింటూ నిలబడి, ఆనించకుండానే పెట్టేసింది. కళ్లు తుడుచుకుంటుంటే, అప్పుడే వెళ్లిన మిర్చి లారీ ఘాటేమో అనుకున్నాను.

"ఏమైందమ్మా?"

"మా అక్క కొడుకన్నా, పదేళ్లు. అక్కడ గవర్నమెంటు వాళ్లు హాస్టల్లో పెట్టారు. అంతా చైనా భాషే. సెలవులకి ఇంటికొచ్చాడని మాట్లాడాను. నా మాట ఒక్కటీ వాడికి అర్థం కాలేదు."

ఓదార్చబోయాను. "మా పిల్లలదీ ఇంగ్లీషు మీడియమే కదమ్మా. వాళ్లకీ తెలుగు అంతంతమాత్రమే."

ఆవిడ కసురుకోలేదు. తన దుకాణంలోకి వెళ్లి, ఎవరో విప్పి పడేసిన స్వెట్టరు మళ్లీ మడతపెడుతూ, అలిసిపోయిన గొంతుతో అంది:

"మీ పిల్లల్ని మీరు చేర్పించారన్నా. మావాడి సంగతి మమ్మల్నెవరూ అడగలేదు."