సాక్ష్యం చెప్పాక మాత్రలెందుకు

సోషల్ వర్క్‌లో పీజీ చేసి, దర్శి దగ్గర ఒక చర్చిలో జనం కష్టాలు విని సాయపడే ఉద్యోగానికి కుదిరాను. వెస్ట్రీ అనే పక్కగదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు ఇచ్చారు. నా ఎదుటి కుర్చీ చాలాకాలం కొత్తదిగానే ఉండిపోయింది. కష్టాలు నాకెవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆదివారం లేచి నిలబడి దేవుడికి చెప్పుకునేవాళ్ళు. వెనక బెంచీలో కూర్చుని నేనూ వినేవాణ్ణి.

అలాగే ఒకసారి మిరపకోతలకెళ్ళే ఒకామె సాక్ష్యం చెప్పింది. "టీబీ అన్నారు. ప్రభువు ముట్టాడు. స్వస్థపడ్డాను." సంఘమంతా హల్లెలూయా అంది. నేనూ అన్నాను, కాస్త ఆలస్యంగా.

కోతలయ్యేసరికి ఆమెకు మళ్ళీ దగ్గు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో మా వైపు ఆ ఘాటుకి దగ్గని మనిషినే వింతగా చూస్తారు కనుక ఎవరూ పట్టించుకోలేదు. మనిషి మాత్రం చిక్కిపోతోంది. ఆమె ఇంటికెళ్ళాను.

"మాత్రలు వేసుకుంటున్నావా అమ్మా?"

"సాక్ష్యం చెప్పాక ఇంకా మాత్రలేంటి బాబూ?"

"కోర్సు పూర్తి కాలేదుగా."

"మైకులో స్వస్థపడ్డానని చెప్పి, ఇంటికొచ్చి మాత్ర మింగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ? చదువుకున్నోడివి, నువ్వే చెప్పు."

చదువుకున్న మాట నిజమే. ఈ పాఠం సిలబస్‌లో లేదు. ఆమెది మొండితనం కాదు, మాట మీద నిలబడటం. మాట చెప్పింది సంఘం ముందు. ఆ మాట నుంచి ఆమెను విడిపించాల్సిందీ అక్కడే. ఎలాగన్నదే తేలలేదు.

పాస్టరుగారు ఆరాధనకు ముందు వెస్ట్రీ తలుపేసుకుని బీపీ మాత్ర మింగుతారు. తలుపుకు లోపలివైపు నా బల్ల ఉంది కాబట్టి నాకు తెలుసు.

"అయ్యగారూ, ఈ ఆదివారం అది అందరి ముందూ వేసుకోకూడదా?"

"ఏవయ్యా, నా ఉద్యోగం మీద కన్నేశావా?"

ఆమె సంగతి చెప్పాను. "ఊరందరికీ స్వస్థత ప్రార్థన చేసేవాణ్ణి నేను," అన్నారాయన.

ఆదివారం ప్రసంగానికి ముందు జేబులోంచి మాత్ర తీసి, అందరికీ కనపడేలా ఎత్తి, కళ్ళు మూసుకుని ప్రార్థించి మింగారు. "దేవుడు నాకు ఇదీ ఇచ్చాడు," అన్నారు. హల్లెలూయా ఎవరూ అనలేదు. ముందువరుసలో ఒకరిద్దరు పెద్దల చేతులు మాత్రం చొక్కా జేబుల మీదికి వెళ్ళాయి.

ఆరాధన అయ్యాక ఆమె వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. కొంగుముడి విప్పి మాత్రల అట్ట బల్ల మీద పెట్టింది. పారెయ్యలేదన్నమాట.

"ఆపిన కాణ్ణించి వేసుకోవాలా బాబూ, మళ్ళీ మొదట్నుంచా?"

"అది డాక్టరుగారు చెప్పాలమ్మా. రేపు పొద్దున్నే బస్సెక్కి దర్శి వెళ్దాం."

"అయ్యగార్ని కూడా రమ్మను," అంది దగ్గు ఆపుకుంటూ. "మొహం ఉబ్బినట్టుంది. ఆ మాత్ర సరిపోవట్లేదేమో."