మోటారు గది గోడ మీద రాజ్యాంగం

శేరిగూడలో కాలేజీ ముందు మక్క కంకులు కాలుస్తున్న వాసనకు ఆగాను. పక్కనే ఒక విద్యార్థిని డిబేట్‌కు తయారవుతూ స్నేహితురాలికి చెబుతోంది: "రాజ్యాంగం ఒక్క పుస్తకంల రాసి బిగించుడెందుకే? రాయకుంటేనే మంచిగ, ఉమ్మడి కుటుంబం లెక్క సర్దుకుంటది."

ఒళ్ళు మండింది. ఉమ్మడి కుటుంబం సంగతి నాకు తెలియదా?

చిన్నప్పుడు ఇబ్రహీంపట్నంలో మా చేను దగ్గర కంకులు కాల్చుకునేవాళ్ళం. విసనకర్రతో నిప్పులు విసిరినవాళ్ళకే మొదటి కంకి అన్నాడు ఇంటి పెద్ద, మా నాన్నకు అన్న అయిన పెద్దబాపు. ఆ రోజు విసిరింది ఆయన కొడుకు. మర్నాడు పొగకు కళ్ళు ఎర్రబడేదాకా నేను విసిరాను. మొదటి కంకి మళ్ళీ వాడికే ఇచ్చాడు.

"విసిరినోళ్లకే అన్నవ్ గద పెద్దబాపూ?"

"గది నిన్నటి మాట. మొగపోరలకే ముందుగాల. మనింట్ల ఎప్పుడూ గట్లనే."

"ఏడ రాసుంది?"

"ఇంట్ల అన్నీ రాసుకుంటమా ఏందే? జర సర్దుకో."

బొగ్గు తీసుకుని మోటారు గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: విసిరినోళ్లకే మొదటి కంకి. రాస్తే ఇక ఎవరూ మార్చలేరనుకున్నాను, పిచ్చిదాన్ని. పెద్దబాపు లేచి అరచేత్తో తుడిచేశాడు.

రాసింది చెరగదని నేనిప్పుడూ అనను. కానీ రాయని మాట మార్చడానికి ఆయనకు నోరు తెరిస్తే సరిపోయింది. రాసినదాన్ని మార్చడానికి అందరి ముందూ గోడ దాకా నడవాల్సి వచ్చింది. తిరిగి వస్తుంటే ఆ నల్లటి అరచెయ్యి వంక మా అమ్మ, కూలికొచ్చిన ఆడవాళ్ళు కన్నార్పకుండా చూశారు. పెద్దబాపు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.