సోమవారాల వాన

హాలకోంబ్‌లో రొట్టెల కొట్టు థార్లీ పోయాక, అతని భార్య కెజాయా వాన కొలవడం పెట్టుకుంది. ఆడపడుచు ట్రైఫీనాతో వాదులాట ముందునుంచే ఉంది, అది మానలేదు. పెరటి గడ్డిలో రాగి గరాటు పాతి, కింద సీసా పెట్టి, రోజూ పొద్దున తొమ్మిదింటికి అందులో నీళ్లు గాజు కొలతలో పోసి చూసేది. ఆ నీళ్లు ముందురోజు లెక్కలోకి వెళ్తాయి. ఆ సంగతి తెలియనివాళ్లని కెజాయా మనుషుల్లో జమ కట్టేది కాదు.

ఇలా వాన కొలిచే పాదిరీలు, డాక్టర్లు, పొద్దుపోని దొరలు దేశం నిండా ఉన్నారు. అందరూ లండన్‌లో ఒక పెద్దమనిషికి ఉత్తరాలు రాస్తే, ఆయన ఏటా పుస్తకం వేస్తాడు. కొట్టు మీద బోర్డు దించేశాక థార్లీ అన్న పేరు ఎక్కడైనా కనబడితే ఆ పుస్తకంలోనే. అందుకే కెజాయాకి అదంటే ప్రాణం.

ఆ ఏడు లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. "అమ్మా, మీ దగ్గర సోమవారాలు మాత్రం పొరుగూరికన్నా తడిగా ఉంటున్నాయి. కారణం తెలియకపోతే ఈ ఏటి మీ లెక్క వేయలేము."

పొరుగూళ్లో వాన కొలిచేది ఓడ దిగిన కెప్టెన్ పెన్‌వార్న్.

"తప్పు ఆయనదే," అంది కెజాయా. "జీవితమంతా నీళ్లలో ఉన్నాయనకి చుక్క విలువ ఏం తెలుస్తుంది?"

"మబ్బులకి నీ మీద కక్షేమోలే," అంది ట్రైఫీనా.

పై సోమవారం కెజాయా గరాటు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ట్రైఫీనా ప్రతి సోమవారంలాగే ఉతికిన దుప్పట్ల గంప మోసుకొచ్చి తీగ మీద ఆరేసింది. పడమటి గాలికి ఒక దుప్పటి పొట్ట ఉబ్బించుకుని వచ్చి గరాటు మీద ఆగింది. టప్పు టప్పుమని నీళ్లు.

"వదినా, అక్కడెందుకేశావు?"

"మరెక్కడెయ్యను, నీ నెత్తిమీదా? పాత తీగ కట్టిన పియర్ చెట్టు కూలినప్పట్నించీ ఇక్కడే వేస్తున్నా. నువ్వు ఆ గరాటు తప్ప ఎప్పుడన్నా తలెత్తి చూశావా?"

కెజాయా గరాటు కింది సీసా తీసి వెలుతురుకి పట్టి చూసింది. ట్రైఫీనాకే జాలేసింది.

"తీగ జరిపేస్తాలే. మన కొండవల్ల అలా పడుతోందని రాసి పడెయ్. కొండకేం, కాదంటుందా?"

కొండ నిజంగానే ఉంది. కొండకి వారాలు తెలియవు గానీ, లండన్ పెద్దమనిషి నమ్మినా నమ్ముతాడు. కెజాయా కలం ముంచి 'కొండ' అని రాసింది. కాసేపు దాన్ని చూసి కొట్టేసింది.

"నీ తమ్ముడు రొట్టె తూకంలో ఏనాడైనా మోసం చేశాడా వదినా? ఆయన పేరు పక్కన దుప్పటి నీళ్లని వాన అని రాయమంటావా?"

ఉన్నదున్నట్టు రాసి, టపాలో వేసొచ్చి, ఆ పూట భోంచేయలేదు.

పుస్తకం వచ్చింది. పేరు తీసేయలేదు. అంకె ఉండాల్సిన చోట చుక్క గుర్తు, అడుగున చిన్నచిన్న అక్షరాల్లో, "ఉతికిన బట్టలవల్ల చెడినది, పరిశీలకురాలే తెలిపారు."

కెప్టెన్ పనిగట్టుకుని టీకి వచ్చాడు. "మీ దుప్పట్లు లండన్ దాకా వెళ్లాయటగా అమ్మా."

"వెళ్లాయి కెప్టెన్ గారూ. మీకు ఒక అంకె వేసి ఊరుకున్నారు. నాకు వాక్యం రాశారు."

"అందులో సగం నాది," అంది ట్రైఫీనా టీ పోస్తూ. "ఉతికింది నేను."