మారార్ ఆశాన్ విన్న గిలక

చెరుకోట్టు శంకుణ్ణి మారార్‌ను నేను మొదట చూసినది మా నూతిగట్టున. కేరళలోని ఒట్టప్పాలం బడిలో ఉపాధ్యాయినిగా చేరి, ఆయన పక్కింట్లో దిగిన మరునాడు నేను నీళ్లు తోడుతుండగా కంచె దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

“చేద మునిగేదాకా ఆగరేం టీచరే? బడిలో పిల్లల్నీ ఇలాగే తరుముతారా?”

ఆయన గుడిలో చెండ అనే డోలు వాయించేవారు. ఊరందరికీ ఆశాన్, అంటే గురువుగారు. తెల్లవారకముందే శిష్యులచేత చింతకర్రలతో రాతిపలక మీద సాధన చేయించేవారు. “కొట్టడం చేతికి అదే వస్తుంది. రెండు దెబ్బల మధ్య ఊరుకోవడమే రావాలి” అని చెప్పి, కర్రలు కింద పెట్టించి, నేను నీళ్లు తోడే గిలకను వినమనేవారు. గిలక కిర్రుమనేది, చేద మునిగేటంతసేపూ నిశ్శబ్దం, మళ్లీ కిర్రు.

కొన్నేళ్లకు పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. చెండ కొడుకు భుజానికెక్కింది. తాళం కూడా తనను విడిచిపోతుందేమోనన్న భయం ఆయనకు పట్టుకుంది. ప్రతి ఉదయం అరుగు మీద కూర్చొని, నా గిలకను అనుసరించి ఎడమచేతి వేలితో మోకాలి మీద తాళం వేసేవారు. చేద మునిగేటప్పుడు ఆ వేలు గాలిలో నిలిచేది.

“గంజి చల్లారుతోంది. ఆ గిలకనే పెళ్లాడకపోయారా?” అనేది ఆయన భార్య కుంజిక్కావు.

ఆ వేసవిలో మా నూతికి మోటారు బిగిస్తుండగా ఆయన మెల్లగా కంచెదాకా వచ్చారు.

“మంచిపని చేశారు. మీ నడుముకు సుఖం” అన్నారు. వెళ్లబోతూ ఆఖరున నన్ను ఒకటి అడిగారు.

“పొద్దున ఒక్క బిందెడు మాత్రం చేత్తో తోడతారా, టీచరే?”