పదిహేడో ప్రశ్నకి కూడా అయిదే

మా పెద్దమ్మ ఒక్క బాల్‌పెన్నుతో ఒక సూపర్‌వైజర్ని ఏడు సముద్రాల అవతలికి విసిరేసింది. ఆయన పడ్డ చప్పుడు మా వీధి చివరిదాకా వినిపించింది. నమ్మనివాళ్ళు లాండ్రీలో పనిచేసే ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్ళని అడగొచ్చు. కోతల్లో వాళ్ళు నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు కాబట్టి ఇంకా బాగా చెబుతారు.

లాండ్రీ అంటే నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసే బడ్డీ కాదు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు లారీల్లో వచ్చి లారీల్లో పోయే పెద్ద షెడ్డు. మధ్యలో ఇస్త్రీ రోలరు. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని అందిస్తే, అది మింగి, అవతలివైపు కాగితంలా కక్కుతుంది. దాని నోటి ముందు ఒక ఇనప కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున ముందుకెళ్ళి ఆ కడ్డీకి తగిలితే రోలరు ఠక్కున ఆగిపోతుంది. పెద్దమ్మ పంతొమ్మిదేళ్ళు ఆ నోటి ముందు నిలబడింది. దుప్పటిని తడిమి అది ఏ హోటలుదో, దానిమీద పడుకున్నవాడికి గురక ఉందో లేదో చెప్పేసేది.

కడ్డీ మాటిమాటికీ రోలర్ని ఆపుతోందని, పని వెనకబడుతోందని, సూపర్‌వైజరు ఒకరోజు దాన్ని తీగతో వెనక్కి కట్టేశాడు.

ఈయన్ని అందరూ అయిదుసారు అంటారు. ఎందుకంటే ఏటా హెడ్డాఫీసు నుంచి సర్వే ఫారాలు వస్తాయి, ఉద్యోగుల మనసులో మాట తెలుసుకుంటారట. ఇరవై ప్రశ్నలు. అస్సలు ఒప్పుకోకపోతే ఒకటి దగ్గర టిక్కు, పూర్తిగా ఒప్పుకుంటే అయిదు దగ్గర టిక్కు. పేరు రాయక్కర్లేదు. ఫారాలు పంచేముందు ఈయన అరచెయ్యి ఎత్తి వేళ్ళు చాపేవాడు. "అన్నిటికీ అయిదే. ఆలోచించకండి."

ఆ ఫారాన్ని నిజంగా చదివే మనిషి షెడ్డు మొత్తంలో పెద్దమ్మ ఒక్కతే. అందులో రెండు ప్రశ్నలు తిరకాసువి. పదిహేడు: 'ప్రమాదం గురించి నోరు విప్పితే నామీద కక్ష కడతారని భయంగా ఉంది.' పద్దెనిమిది: 'మా దగ్గర భద్రతా పరికరాలు పనిచెయ్యకుండా చేస్తుంటారు.'

"ఈ రెండింటికీ ఒకటి పెట్టండే, లేకపోతే సారు ఇరుక్కుంటారు" అని ఏటా ఆమే అందరికీ చెప్పేది. ఆయనేమో ఎడమ పక్కన రెండు టిక్కులు కనిపిస్తే కసురుకునేవాడు. "ఎన్నిసార్లు చెప్పాలి, అన్నీ అయిదేనని?" తనని కాపాడుతున్నవాళ్ళనే తిట్టాడు మహానుభావుడు. ప్రశ్న చదివితేగా.

కడ్డీ కట్టేసిన ఏడాది పెద్దమ్మ ఫారం అడుగున ఉన్న ఖాళీలో 'కడ్డీ విప్పించండి' అని రాసింది. పేరు రాయలేదు. కానీ ఫారం పైన ఎన్నేళ్ళ సర్వీసో రాయాలి. పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్నది షెడ్డులో ఇంకెవరికి? ఫారాలు పోగేసేది ఆయనే. ఆ ఒక్క ఫారం హెడ్డాఫీసు ముఖం చూడలేదు.

మర్నాడు వచ్చి, "ఏమ్మా, ఉత్తరాలు రాస్తున్నావట. నిలబడి కాళ్ళు నొప్పెడుతున్నట్టున్నాయి. మాసిన గుడ్డల గదిలో కూర్చో" అన్నాడు.

రక్తం మరకలవీ, వాంతులవీ వేరు చేసే గది అది. రోలరు దగ్గర పెద్దమ్మ చోట్లోకి ఆమె తోటికోడలు, అంటే మా అమ్మ, వెళ్ళింది. మూడో నెలలో దుప్పటితోపాటు అమ్మ చెయ్యీ లోపలికి వెళ్ళింది. కడ్డీ కట్టేసి ఉంది, రోలరు ఆగలేదు. కుడిచేతి మూడు వేళ్ళు కాలిపోయాయి. అయిదుసారు రిపోర్టులో 'కార్మికురాలి అజాగ్రత్త' అని రాశాడు.

ఆసుపత్రిలో పెద్దమ్మ ఏడవలేదు. కట్టు కట్టిన చేతివంక చూసి, "ఫారాలు ఏ నెలలో వస్తాయే?" అంది.

"ఏ ఫారాలక్కా?"

"పడుకో."

తొమ్మిది నెలలు ఆగింది. రోజూ ఆయనకి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారాలు నాకు పెట్టి ఉంటే ఊరొదిలి పారిపోయేవాణ్ణి.

ఫారాలు వచ్చాయి. అరచెయ్యి లేచింది. పక్కనున్నావిడ గొంతు తగ్గించి, "అక్కా, ఆ తిరకాసు వాటికి?" అంది.

"సారు ఏం చెప్పారు?"

"అన్నిటికీ అయిదన్నారు."

"మరి సారు మాట కాదంటావా?"

ఆ మాట చెవి నుంచి చెవికి ముప్ఫై ఒక్క మందికీ పాకింది. కుడిచెయ్యి పనిచెయ్యని మా అమ్మ ఎడమచేత్తో టిక్కులు పెట్టింది. ఆయన ఫారాలు తిరగేసి, అన్ని టిక్కులూ ఒకే వరసలో ఉన్నాయని మురిసి, "ఇన్నేళ్ళకి బుద్ధొచ్చింది మీకు" అంటూ తన చేత్తోనే కవరు అంటించాడు.

పదిహేను రోజులకి హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ దిగింది.

"ముప్ఫై ఒక్క మందికీ మీరంటే భయమట. భద్రత తీసేస్తున్నారని ముప్ఫై ఒక్క మందీ రాశారు. ఒక్కరు కూడా కాదనలేదు."

"అబ్బే, అదేం లేదు మేడమ్. వీళ్ళకేం తెలుసు? నేను అన్నిటికీ అయిదు పెట్టమన్నాను, పెట్టేశారు."

"మీరు పెట్టమన్నారా?"

ఆయన అలవాటుగా అరచెయ్యి ఎత్తబోయి, చటుక్కున జేబులో పెట్టుకున్నాడు.

"ఏటా మీరే చెబుతారా?"

మాసిన గుడ్డల బండి తోసుకుంటూ వచ్చి పెద్దమ్మ ఆగింది. "ఏటా చెబుతారు మేడమ్. ఈసారే పూర్తిగా విన్నాం. ఆ తీగ కూడా సారు చెప్పినట్టే ఉంది, చూడండి." తర్వాత మా అమ్మ వైపు తిరిగింది. "చెయ్యి వెనక్కి పెట్టుకుంటావేమే? చూపించు."

మేడమ్ చూసింది. రోలరు ఆపించింది.

సర్వేలు ఎందుకూ పనికిరావని, ఎవడూ చదవడని అనేవాళ్ళని మా షెడ్డుకి పంపండి. ప్రశ్న రాసినవాడు ఎవడోగానీ దొరికితే భుజాల మీద ఊరేగిస్తాను. అయిదుసారు ఇప్పుడు మనుషుల్లేని ఏదో దీవిలో తన దుప్పటి తానే ఉతుక్కుంటూ, సొంత అరచెయ్యి చూసుకుని ఉలిక్కిపడుతున్నాడని నాకు నమ్మకమైన సమాచారం.

ఇదంతా రాసి పెద్దమ్మకి చదివి వినిపించాను. అమ్మ వేళ్ళకి నూనె రాసి ఒక్కొక్కటే వంచుతూ, తలెత్తకుండా అంది: "దీవీ లేదు, సముద్రమూ లేదు. వెనక గోడౌన్లో వేశారు, రోజూ కనిపిస్తాడు. కడ్డీ విప్పారు, నా చోటు నాకిచ్చారు. దీని వేళ్ళు మాత్రం వంగట్లేదు. సగమే అయింది."